విద్యుత్ మోటారు బండి - నిర్వహణ వ్యయము

పెట్రోలు కారును పోషించినవారికి సర్వీసు బిల్లు సుపరిచితమే. ఇంజను ఆయిలు, ఆయిలు ఫిల్టరు, స్పార్కు ప్లగ్గులు, క్లచ్ ప్లేటు - ఇట్లు ఒకదాని క్రింద నొకటి వ్రాసి చివర మొత్తము వేయుదురు. విద్యుత్తుతో నడచు కారులో ఈ వస్తువులేవియు ఉండవు. బ్యాటరీలోని విద్యుత్తు మోటారును త్రిప్పును; మోటారు చక్రములను త్రిప్పును. పొలములో ఆయిలింజనునకును, కరెంటు మోటారునకును గల భేదమెరిగిన రైతునకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

అయితే "సర్వీసు ఖర్చే లేదు" అనుట సరి కాదు. కారు కొనదలచిన గృహస్థునకైనను, చెత్త సేకరణకు విద్యుత్ ఆటో కొనుటకు తీర్మానము చేయదలచిన పంచాయతీకైనను ఇది ముందుగా తెలియవలెను. ఈ బండి ఖర్చు నెలనెలా కొంచెము కొంచెముగా రాదు. చాలకాలము మౌనముగా నుండి ఒక్కసారిగా వచ్చును.

ఏటేట అగు ఖర్చు స్వల్పమే. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొనును గనుక దానిని సాధారణముగా రెండేండ్ల కొకసారి మార్చవలెను. బ్యాటరీని చల్లబరచుటకు కూలెంటు ఉన్న బండ్లలో కంపెనీ చెప్పిన ద్రవమునే పోయవలెను. తగ్గినదిగదా యని బోరునీరు పోయరాదు. వేగము తగ్గించునపుడు మోటారే బండిని నిలువరించి, కొంత విద్యుత్తును బ్యాటరీకి తిరిగి పంపును గనుక బ్రేకు ప్యాడ్లు ఎక్కువకాలము మన్నును. టైర్ల సంగతి వేరు. బ్యాటరీ బరువు అధికము, మోటారు ఈడ్పు తక్షణము. కావున టైర్లు త్వరగా అరుగును. మన గ్రామ రహదారులపై సస్పెన్షను కూడ చూచుకొనుచుండవలెను.

ఇంకొక చిన్న విషయము. కార్లలో పెద్ద బ్యాటరీ గాక, దీపములకును ఇతర పరికరములకును 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఉండును. అది నీరసించినపుడు బండి కదలదు. లక్షల రూపాయల బ్యాటరీ పోయినదని బెంగపడువారు మొదట దీనిని పరీక్షింపించుట మంచిది. టైర్లు, బ్రేకులు, ఈ చిన్న బ్యాటరీ ఊరి మెకానిక్కు చూడగలడు. కార్లలో నారింజ రంగు తీగలను మాత్రము శిక్షణ లేనివారు తాకరాదు. వానిలో ప్రాణాపాయకరమగు వోల్టేజి ఉండును. పందికొక్కులు తీగలు కొరకకుండ షెడ్డును శుభ్రముగా నుంచుట కూడ సర్వీసులోని భాగమే యనవచ్చును.

ఇక పెద్ద బ్యాటరీ. మన దేశమున అమ్ముడగుచున్న పలు విద్యుత్ కార్లకు దీనిపై 8 సంవత్సరములు లేక 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైన అంతవరకు వారంటీ కలదు. ఆటోల వారంటీ కంపెనీని బట్టి మారును. నిల్వశక్తి ఎంత శాతమునకు తగ్గినచో మార్చి యిత్తురో వ్రాతమూలకముగా అడిగి తీసికొనవలెను.

పంచాయతీ బండ్లకు ఇచట ఒక ప్రత్యేక ప్రమాదము కలదు. డ్రైవరు మానివేసినను, జీతము బకాయి పడినను బండి షెడ్డులో నెలల తరబడి నిలిచిపోవును. డీజిలు బండి అట్లు నిలిచినచో సాధారణముగా చిన్న బ్యాటరీ మార్చి, కొలది మరమ్మతులతో తిరిగి నడపవచ్చును. విద్యుత్ బండి ఛార్జి పూర్తిగా అడుగంటి అట్లే పడియున్నచో లిథియం బ్యాటరీ శాశ్వతముగా చెడిపోవచ్చును. అశ్రద్ధవలన చెడినదని కంపెనీ వారంటీని నిరాకరించుటకును అవకాశము కలదు. కావున నడపని బండికి సైతము సుమారు సగము ఛార్జి ఉంచి, అప్పుడప్పుడు పరీక్షించు బాధ్యతను ఒక వ్యక్తికి పేరుపెట్టి అప్పగింపవలెను. అందరి పని యన్నచో ఎవరి పనియు కాదు.

2019 తరువాత తెలంగాణలో పంచాయతీలకు ట్రాక్టర్లు సమకూరినపుడు డీజిలునకును, డ్రైవరు జీతమునకును, బ్యాంకు వాయిదాలకును నిధులు సమకూర్చుకొనవలసి వచ్చినది. బండి కొనుట ఒకనాటి పని. దానిని నడుపుట ప్రతి బడ్జెటు పని.

లెక్క యిట్లు వేయవచ్చును. ఆటోకు క్రొత్త బ్యాటరీ వెల 1,20,000 రూపాయలనియు, అది 6 సంవత్సరములు పనిచేయుననియు అనుకొందము. అప్పుడు ఏటికి 20,000, అనగా నెలకు సుమారు 1,670 రూపాయలు ప్రత్యేకముగా తీసి యుంచవలెను. కంపెనీ చెప్పిన అసలు వెలను, ఆయుర్దాయమును ఇందులో వేసికొని చూచుకొనునది. ఈ సొమ్ము వార్షిక బడ్జెటులో వేరు పద్దుగా చూపనిచో, ఆరవ యేట పాలకవర్గము మారినపుడు క్రొత్త సభ్యులకు మిగులునది కదలని బండి మాత్రమే.

కొనుటకు ముందు సర్వీసు కేంద్రము ఎంత దూరముననున్నదో విచారింపవలెను. బండిని లారీపై పట్టణమునకు చేర్చవలసివచ్చినచో ఆ కిరాయి కూడ సర్వీసు ఖర్చే. ఛార్జింగు ప్లగ్గునకు మంచి ఎర్తింగు వేయించి, వేసవిలో ఆ గుంట ఎండకుండ నీరు పోయించవలెను. పాత బ్యాటరీని పాతసామానుల వర్తకునికి తూకమున అమ్మివేయరాదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నియమముల ప్రకారము వాడిన బ్యాటరీల సేకరణ బాధ్యత ఉత్పత్తిదారులది. దానిని తిరిగి తీసికొను పద్ధతిని, అందుకు తగ్గించి యిచ్చు ధరను కొనుగోలు ఒప్పందములోనే వ్రాయించుకొనవచ్చును.