తొట్టి కొనేముందు నీళ్లు చూసుకోండి

మండవల్లి, కైకలూరు ప్రాంతాల్లో చెరువు పట్టుబడికి వెళ్లే జట్లకు తెల్లవారకముందే పని మొదలవుతుంది. పీకల్లోతు నీళ్లలో వల లాగాలి, ట్రేలు గట్టెక్కించాలి, కాటా వేయాలి, ఐసు కొట్టి చేపల మీద పరచాలి, చివరికి లారీకి ఎత్తాలి. ఇంటికొచ్చేసరికి నడుం వంగదు, వంగితే లేవదు. తాడేపల్లిగూడెంలో బస్తాలు మోసే హమాలీకి భుజాలు, ఏలూరులో తివాచీ మగ్గం ముందు కూర్చునేవాళ్లకు మోకాళ్లు, చేపల లారీ తోలే డ్రైవరుకు మెడ. నొప్పి ఎక్కడున్నా, సాయంత్రానికి అందరికీ కావలసింది ఒంటికి కాస్త కాపడం.

ఫోన్లో గాలి కొట్టే స్పా టబ్బుల ప్రకటనలు కనబడుతున్నాయి. బుడగలు పైకి లేస్తుంటే అందులో ఎవరో కళ్లు మూసుకుని కూర్చుని ఉంటారు. దాన్ని వాయిదాల మీద కొందామా అని ఆలోచించేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: ఇప్పుడే వద్దు. నొప్పి తగ్గించేది బుడగ కాదు. వేడి, లోతు, పావుగంట తీరిక, ఈ మూడూ కలిసి చేసే పని అది. వేడికి కండరాల బిగువు సడలుతుంది, రక్తం బాగా తిరుగుతుంది. లోతు వల్ల ఒంటి బరువును నీళ్లు మోస్తాయి. నడుం లోతు నీళ్లలో నిలబడితే కాళ్ల మీద పడే బరువు సుమారు సగానికి తగ్గుతుంది. రోజూ చెరువులో దిగేవాళ్లకు ఇది తెలిసిన సంగతే. కాకపోతే అక్కడ నీళ్లు చల్లగా ఉంటాయి, పైగా వల లాగాలి.

జకూజీ అని లోకమంతా పిలిచే వస్తువు పుట్టిందే మామూలు తొట్టిలోంచి. అమెరికాలో స్థిరపడిన ఇటలీ అన్నదమ్ములు జకూజీలు నీటి పంపులు చేసేవాళ్లు. ఆ ఇంట్లో ఒక పిల్లవాడికి చిన్నప్పుడే కీళ్లవాతం వచ్చింది. ఆసుపత్రిలో చేయించే నీటి వైద్యం ఇంట్లోనే జరిగేలా, ఉన్న స్నానపు తొట్టిలో ముంచి పెట్టుకునే చిన్న పంపు తయారుచేశారు. 1956లో దాన్ని అమ్మకానికి పెట్టారు. తొట్టీ పంపూ ఒకటిగా కలిపిన సరుకు 1968లో గానీ రాలేదు. అంత పేరున్నవాళ్లే ఇంట్లో ఉన్న తొట్టితో మొదలుపెట్టారు. మనం స్పా టబ్బుతో మొదలుపెట్టడం దేనికి?

మన దగ్గర ముందు తేల్చుకోవలసింది నీళ్ల సంగతి. కొల్లేటి చుట్టుపక్కల బోరు వేస్తే చాలాచోట్ల ఉప్పునీరే పడుతుంది. ఆ నీళ్లలో కూర్చుంటే ఒంటికి పెద్దగా నష్టం లేదు, తర్వాత రెండు చెంబులు మంచినీళ్లు పోసుకుంటే సరిపోతుంది. దెబ్బతినేది హీటరు. రాడ్డు మీద తెల్లటి పొర గట్టిగా పేరుకుంటుంది, అది మందమయ్యేకొద్దీ వేడి నీళ్లకు అందక రాడ్డు కాలిపోతుంది. స్పా టబ్బు లోపల ఉండే హీటరుకూ ఇదే గతి, దాన్ని విప్పి బాగుచేసేవాడు మాత్రం కైకలూరులో దొరకడు. ఎండాకాలం కాలువలు కట్టేశాక పంచాయతీ కుళాయి ఎన్నాళ్లకు వస్తుందో మీకే బాగా తెలుసు. నలుగురు పట్టే టబ్బుకు ఎనిమిది వందల లీటర్లు కావాలి. తాగేనీళ్ల టిన్నులు మోసుకొచ్చుకునే ఊళ్లో అన్ని నీళ్లు ఒకచోట నిలవ పెట్టడం ఎంతవరకు సాగుతుందో ఆలోచించుకోండి.

తర్వాత వేడి. ఇక్కడ ఒక చిన్న లెక్క గుర్తుంటే ఎవరూ మిమ్మల్ని మోసం చేయలేరు. ఒక యూనిట్ కరెంటు 86 లీటర్ల నీళ్లను పది డిగ్రీలు పెంచుతుంది. చలికాలంలో కుళాయి నీళ్లు 25 డిగ్రీలు ఉన్నాయనుకుందాం, మనకు కావలసింది 39. రెండు వందల లీటర్లకు మూడు యూనిట్ల పైచిలుకు అవుతుంది. ఎనిమిది వందల లీటర్ల టబ్బుకు పదమూడు యూనిట్లు, రెండు కిలోవాట్ల హీటరు మీద ఆరేడు గంటలు. అంటే పట్టుబడి నుంచి వచ్చి మీట వేస్తే అది కాగేసరికి మీరు నిద్రపోతుంటారు. రోజంతా వేడిగా ఉంచాలంటే రోజంతా మీటరు తిరుగుతుంది, బిల్లు పై స్లాబుకు ఎక్కుతుంది. టబ్బు ధర ఒక్కసారే కడతాం, ఈ ఖర్చు మాత్రం నెలనెలా వస్తుంది.

ఇంట్లో ఉన్నదానితో ఎన్ని నీళ్లు తయారవుతాయో చూడండి. పాతిక లీటర్ల గీజరు నీళ్లు 65 డిగ్రీలకు కాగితే, చన్నీళ్లతో తొలిపాక డెబ్భై లీటర్ల దాకా వెచ్చటి నీళ్లవుతాయి. డాబా మీద వంద లీటర్ల సోలారు ఉండి నీళ్లు 60 డిగ్రీలకు కాగితే రెండు వందల యాభై. నలభై లీటర్ల కాగును కట్టెల పొయ్యి మీద మరగకాచినా నూట ఎనభై దాటుతాయి. మనిషి దిగితే నీళ్లు మరో యాభై లీటర్ల మేర పైకి లేస్తాయి కాబట్టి తొట్టిని అంచు దాకా నింపక్కర్లేదు. తొట్టిలో ముందు చన్నీళ్లు పోసి, వాటిలోకి వేణ్ణీళ్లు పోయండి. తిరగేసి చేస్తే, ఈలోపు పిల్లవాడు చెయ్యి పెట్టాడంటే ఒళ్లు కాలుతుంది.

ఇక తొట్టి. పిక్కలు లాగడం, మడమ నొప్పి ఉన్నవాళ్లకు మోకాలి కింద దాకా మునిగే లోతు బకెట్టు, ఒక స్టూలు చాలు. నడుముకైతే ప్రకృతి చికిత్సాలయాల్లో వాడే కటిస్నానపు తొట్టి బాగుంటుంది. వీపు ఆనించుకునేలా కుర్చీ మాదిరి ఉంటుంది, కాళ్లు బయటే ఉంటాయి. ఒక గీజరు నీళ్లతో పని అయిపోతుంది. ఆ చికిత్సలో ప్రసిద్ధుడైన జర్మనీ లూయీ కూనే పుస్తకం 1894లోనే తెలుగులోకి వచ్చింది. అయితే ఆయన చెప్పింది ఎక్కువగా చన్నీళ్ల తొట్టి. అలసిన కండరాలకు మనం అందులో వేణ్ణీళ్లు పోస్తాం, అంతే తేడా.

మెడ దాకా మునగాలంటే మడత టబ్బు గానీ, రెండు వందల లీటర్ల నీలం డ్రమ్ము గానీ. మడత టబ్బు ఆన్‌లైన్లో కొన్ని వేలల్లోనే దొరుకుతుంది. దాని గోడలో పలచటి స్పాంజీ పొర ఉండి మూత కూడా ఉంటే వేడి కాసేపు నిలుస్తుంది. డ్రమ్ము ఇంకా చవక. కానీ మన ప్రాంతంలో పాత డ్రమ్ము అనగానే జాగ్రత్తపడాలి. చెరువుల మందులు, ఫార్మలిన్, బ్లీచింగు, పురుగుమందులు వచ్చేవి అలాంటి డ్రమ్ముల్లోనే. ఎన్నిసార్లు కడిగినా ప్లాస్టిక్కు పీల్చుకున్నది పోదు, వేణ్ణీళ్లకు అది మళ్లీ బయటికి వస్తుంది. అందులో ఏమి వచ్చిందో అమ్మేవాడు చెప్పలేకపోతే వదిలేయండి. కొత్తది కొన్నా మూడడుగుల ఎత్తు ఎక్కి దిగగలరా అన్నది పెద్ద ప్రశ్న. మోకాళ్ల నొప్పి ఉన్న మనిషి తడికాళ్లతో డ్రమ్ము అంచు దాటబోయి పడితే తుంటి ఎముక విరుగుతుంది. ఏ తొట్టి కొన్నా పక్కన కదలని మెట్టు ఒకటి, గోడకు బిగించిన కమ్మీ ఒకటి ఉండాలి. నన్నడిగితే, బడ్జెట్లో మొదటి ఖర్చు ఆ కమ్మీకి రాయండి.

సొంత ఇల్లయితే తాపీ మేస్త్రీ చేత కట్టించుకోవడం నాకు అన్నిటికన్నా నచ్చిన దారి. లోపలి కొలత మూడున్నర అడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు చాలు. అడుగున్నర ఎత్తున నీళ్లు నిలిస్తే మూడు వందల లీటర్ల లోపే, మీరు కూర్చున్నాక అది ఛాతీ వరకు వస్తుంది. అడుగున గరుకు టైల్సు వేయించండి, నున్నటివి వద్దు. నీళ్లు పోయే గొట్టం రెండంగుళాలకు తగ్గకూడదు. సిమెంటు ముందుగా వేడిని తాగేస్తుంది, అందుకని మొదట ఒక బకెట్టు వేణ్ణీళ్లతో గోడలు తడిపి, ఆ తర్వాత నింపండి. మేడ మీద కట్టించాలని మాత్రం అనుకోవద్దు. ఇళ్ల శ్లాబులను సాధారణంగా చదరపు మీటరుకు 200 కిలోల లెక్కన వేస్తారు. నలుగురు పట్టే స్పా టబ్బు నిండితే, మనుషులతో కలిపి, అంతకు రెట్టింపు పడుతుంది. నల్లరేగడి నేల మీద ఇప్పటికే బీటలిచ్చిన ఇళ్లకు అంత బరువు మోసే ఓపిక లేదు.

ఎలాగైనా స్పా టబ్బే కావాలనుకునేవాళ్లకు రెండు మాటలు. ఆ నీళ్లు రోజూ మార్చరు కాబట్టి వాటిలో క్రిములు పెరుగుతాయి. ఒళ్లంతా ఎర్రటి పొక్కులు లేస్తాయి, ఊపిరితిత్తులకు సోకే రకాలూ ఉన్నాయి. క్లోరిన్ లీటరుకు మూడు మిల్లీగ్రాములకు తగ్గకుండా, పీహెచ్ 7.0కి 7.8కి మధ్య ఉండేలా చూసుకోవాలి. చెరువు నీటికి పీహెచ్ చూసే అలవాటున్న చేతికి ఇది కష్టమేం కాదు. కష్టమల్లా ఎలుకలతో, గాలి టబ్బు అడుగు కొరికితే అతుకు నిలవదు.

కరెంటు విషయంలో ఎంత చెప్పినా తక్కువే. చెరువుల్లో ఏరియేటర్ల దగ్గర కరెంటు కొట్టి మనుషులు పోయిన సంగతి ఇక్కడ కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ ఏరియేటరు చూసే కొందరికి, చిన్న మోటారు పెట్టి తొట్టిలో బుడగలు మనమే తెప్పిద్దామన్న ఆలోచన వస్తుంది. వద్దు బాబూ. హీటరు రాడ్డు ఐఎస్ఐ ముద్ర ఉన్నదే కొనండి. నీళ్లు కాగాక స్విచ్ ఆపి, ప్లగ్గు ఊడబీకి, రాడ్డు బయటికి తీసి, ఆ తర్వాతే నీళ్లలో వేలు పెట్టండి. మనిషి లోపల ఉండగా రాడ్డు వేయడం ఒక్క క్షణమైనా పనికిరాదు. ఎర్తింగు సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియను చేత చూపించి, కరెంటు లీకైతే ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ బిగించమనండి. తొట్టి ధరలో బేరమాడండి గానీ దీని దగ్గర వద్దు.

నీళ్లు ఎంత వేడిగా ఉండాలి? 37 నుంచి 39 డిగ్రీలు హాయిగా ఉంటుంది, 40 దాటనివ్వకండి. జ్వరం చూసే థర్మామీటరు దీనికి పనికిరాదు, పిల్లల స్నానానికి వాడే తేలే థర్మామీటరు చవగ్గా దొరుకుతుంది. పదిహేను నిమిషాలు చాలు, ఇరవై దాటక్కర్లేదు. షుగరు ముదిరి అరికాళ్లు తిమ్మిరిగా ఉండేవాళ్లకు వేడి తెలియదు, చర్మం ఊడాక చూసుకుంటారు. వాళ్లు ఇంకొకరి మోచేత్తో నీళ్లు చూపించి దిగాలి. బీపీ మందులు వాడేవాళ్లకు లేవగానే కళ్లు తిరగొచ్చు, ముందు అంచు మీద కూర్చుని తర్వాత లేవండి. గుండె జబ్బున్నవాళ్లు, గర్భిణులు డాక్టరును అడిగే దిగాలి. పట్టుబడి డబ్బులతో మందు కొట్టి వచ్చిన రోజు తొట్టి జోలికి అసలు వెళ్లొద్దు. అప్పుడే బెణికిన చోటికి మొదటి రెండు రోజులు వేడి వద్దు, ఐసు పెట్టండి, అది మీ దగ్గర ఎలాగూ ఉంటుంది. చేతికో కాలికో తెగిన గాయం ఉంటే మానేదాకా మునగవద్దు.

ఇంగిలాయి చేప ముల్లు గుచ్చుకున్నప్పుడు మాత్రం వేణ్ణీళ్లే తొలి మందు. దాని విషం వేడికి విరుగుతుంది. ముల్లు ముక్క పైకి కనబడితే తీసేసి, గుచ్చిన చెయ్యిని ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో, అంటే 45 డిగ్రీలు దాటకుండా, అరగంట నుంచి గంటన్నర దాకా ఉంచితే సలుపు తగ్గుతుంది. వేడి ఎంతుందో బాగున్న చేత్తో ముందు చూసుకోండి, గుచ్చిన చేతికి సరిగా తెలియదు. తర్వాత టీటీ ఇంజెక్షనుకు, ముల్లు లోపల మిగిలిందేమో చూపించుకోవడానికి ఆసుపత్రికి వెళ్లాల్సిందే. ప్యాకింగ్ షెడ్డులో ఒక ఫ్లాస్కు నిండా వేణ్ణీళ్లు పెట్టించడం యజమానికి భారమేమీ కాదు, అడగండి.

నీళ్లలో ఏమి వేయాలన్నది అందరూ అడిగేదే. మన ఇళ్లలో బాలింతలకు వావిలాకు మరిగించి పోస్తారు, ఒళ్లు నొప్పులకూ అదే. షాపుల్లో ఎప్సం సాల్టు అమ్ముతారు. వాసనకు, తృప్తికి ఏది వేసుకున్నా అభ్యంతరం లేదు, పనిచేసేది ఎక్కువగా వేడే. కాబట్టి కిలోల లెక్కన ఉప్పు కొనే డబ్బు కట్టెలకు పెట్టుకోండి.

ఏదైనా కొనేముందు రెండు వారాలు ఇంట్లో ఉన్న పెద్ద టబ్బుతోనో, గంగాళంతోనో, అరువు తెచ్చుకున్న తొట్టితోనో చేసి చూడండి. పడుకునేముందు పదిహేను నిమిషాలు కూర్చుని, లేచాక నడుం, పిక్కలు నెమ్మదిగా సాగదీయాలి. వేడి సగం పని చేస్తే ఆ సాగదీయడం మిగతా సగం చేస్తుంది. ఫిజియోథెరపిస్టు ఒక్కసారి నేర్పిస్తే చాలు. పొద్దున్న లేచి చెప్పుల పట్టీ బిగించుకోవడానికి వంగినప్పుడు తేడా తెలిస్తే తొట్టి కొనండి. తెలియకపోతే ఎంత పెద్ద టబ్బు కొన్నా తెలియదు. నొప్పి నడుములోంచి కాల్లోకి పాకి పాదం మొద్దుబారుతున్నా, మూత్రం పట్టు తప్పుతున్నా, ఒక పిక్క మాత్రమే వాచి ఎర్రగా కాలుతున్నా, నొప్పితో పాటు జ్వరం ఉన్నా తొట్టి సంగతి పక్కన పెట్టి అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లండి.