పోటీ పరీక్షల ప్రత్యేకం: కడప నుంచి కువైట్‌కు

రాయలసీమ వలస అనగానే అభ్యర్థులు బెంగళూరు అని రాసి వదిలేస్తారు. పాత కడప జిల్లాలోని రాజంపేట, రాయచోటి, రైల్వేకోడూరు వైపు మాత్రం దారి కువైట్‌కు. వాన నమ్మకం లేని నేల, చమురు దేశాల్లో పని, ముందే వెళ్లిన బంధువు పంపే వీసా: కారణాలు ఇవే. మగవాళ్లు డ్రైవర్లుగా, ఆడవాళ్లు ఇంటి పనికి వెళ్తారు. ఇంటిపనిమనిషిని అక్కడ ‘ఖద్దామా’ అంటారు. కార్మికుడి నివాస హక్కు యజమానికి ముడిపడి ఉండే పద్ధతి ‘కఫాలా’. మోసాలకు ఒక మూలం ఈ పద్ధతే.

ఈ వలస దారి ఒకసారి తలకిందులైంది: 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. భారతీయులు బస్సుల్లో ఎడారి దాటి జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరారు. అక్కడి నుంచి ఎయిర్ ఇండియా లక్షకు పైగా జనాన్ని తరలించింది. నాటి విదేశాంగ మంత్రి ఐ.కె. గుజ్రాల్, ప్రధాని వి.పి. సింగ్. ఈ పేర్లు పరీక్షలో అడగదగినవి.

చట్టం: వలసల చట్టం, 1983. పదో తరగతి పాసవని వారి పాస్‌పోర్టు సాధారణంగా ‘ఈసీఆర్’ (వలస తనిఖీ అవసరం). దీనితో కువైట్, జోర్డాన్ సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే వలస అనుమతి తప్పనిసరి. ఈ పాస్‌పోర్టుతో వెళ్లే మహిళలకు కనీస వయసు 30 ఏళ్లు. పర్యాటక వీసాతో పంపే ఏజెంట్లు తప్పించుకునేది ఈ నిబంధనలనే.