బండి అల్మారాకు ఇంటి లెక్క వద్దు

ప్రశ్న: పాత ట్రావెలర్ బండి కొన్నాను. సీట్లు తీసేసి, ఇంట్లో నలుగురం దూరాలు తిరిగేలా లోపల మంచం, చిన్న వంటగట్టు, అల్మారాలు పెట్టించాలని ఉంది. మా కార్పెంటర్ 18 ఎంఎం మెరైన్ ప్లైవుడ్ తప్ప ఏదీ నిలవదంటున్నాడు. తేలికగానూ గట్టిగానూ ఉండే బోర్డు ఏది?
– ఒక పాఠకుడు, గొల్లపల్లి, జగిత్యాల జిల్లా

జవాబు: మీ కార్పెంటర్ మాట ఇంటి వరకు సరైనదే. ఇంటి అల్మారాలో పక్క పలకే స్తంభం. అరల మీది బరువంతా దాని మీదుగానే నేలకు దిగుతుంది, స్క్రూలు కూడా దాని అంచులోకే ఎక్కుతాయి. అంచులో స్క్రూ పట్టు నిలవాలంటే ఆ మందం కావాలి. మోసేది నేల కాబట్టి అల్మారా ఎంత తూగుతుందని అక్కడ ఎవరూ అడగరు. బండిలో ఆ బరువును టైర్లు, స్ప్రింగులు, బ్రేకులు ప్రతి కిలోమీటరూ మోయాలి. అందుకే తేలిక బోర్డు కోసం దుకాణాలు తిరగకముందే మందం తగ్గించే మార్గం చూడండి. బరువు మోసే పనిని ఫ్రేముకు అప్పగించి, బోర్డును మూతగా మాత్రమే వాడండి. నేను చెప్పదలచుకున్న అసలు సంగతి ఇదే, మిగిలినదంతా దీని వెంట వచ్చేదే.

లెక్క చూడండి. 8×4 అడుగుల ప్లైవుడ్ షీటు 18 ఎంఎం మందంలో సుమారు 35 కిలోలు ఉంటుంది. గుర్జన్ కర్రతో చేసిన మెరైన్ రకం ఇంకా ఎక్కువే తూగుతుంది. అదే షీటు 12 ఎంఎం అయితే 23 కిలోలు, 6 ఎంఎం అయితే 12 లోపే. మొత్తం పనికి 10 షీట్లు పడతాయనుకుంటే 18 ఎంఎంలో 350 కిలోలు. అందరూ మరచిపోయేది సన్‌మైకాను. 1 ఎంఎం సన్‌మైకా ఒక్కో షీటుకు 4 కిలోల పైనే ఉంటుంది. రెండు వైపులా అంటిస్తే 10 షీట్లకు 80 కిలోలు అదనం. అంటే నీళ్లు, గ్యాస్, బ్యాటరీ, పరుపులు, మనుషులు ఎక్కకముందే 430 కిలోలు బండి మీద పడ్డాయి. ఇప్పుడు రెండో దారి. అంగుళం చదరపు అల్యూమినియం ట్యూబు, గోడ మందం 1.2 ఎంఎం ఉన్నది, 200 అడుగులు వాడినా మొత్తం 19 కిలోలే. అదే ఇనుప ట్యూబు అయితే 55. అల్యూమినియం ఫ్రేము మీద 6 ఎంఎం ప్లై 10 షీట్లు బిగిస్తే అంతా కలిపి 135 కిలోలు. ఆ పదిలో మంచం మీదికీ అరలకూ ఓ మూడు షీట్లు 12 ఎంఎంవి వేసి, రివెట్లు, హింజులు కలుపుకున్నా 180 దగ్గర ఆగుతుంది. సన్‌మైకా బదులు రంగు వేయించండి. కొత్త రకం బోర్డు ఒక్కటి కూడా కొనకుండానే బరువు సగానికి పైగా తగ్గింది.

ఆ తర్వాతే కర్ర రకం. ఐరోపాలో కారవాన్ల లోపలి పనికి ఎక్కువగా వాడేది పాప్లర్ ప్లైవుడ్. అది మామూలు ప్లై కంటే దాదాపు మూడో వంతు తేలిక. మనకు హర్యానాలోని యమునానగర్ వైపు నుంచి వచ్చే ప్లైవుడ్‌లోనూ పాప్లర్ వాడతారు. అయితే యూకలిప్టస్ కలిపి చేసేవీ ఉంటాయి, అవి బరువు. పేరు చూసి కొనకండి. దుకాణంలో అడుగు చదరపు నమూనా ముక్క అడిగి తీసుకుని కిరాణా కొట్టు కాటా మీద పెట్టండి. 12 ఎంఎం ముక్క మామూలు ప్లై అయితే 725 గ్రాముల దగ్గర, పాప్లర్ అయితే 500 దగ్గర తూగాలి. జిగురు సంగతికొస్తే ఐఎస్ 303 ప్రమాణం కింద వచ్చే బీడబ్ల్యూఆర్ రకం చాలు. ఐఎస్ 710 మెరైన్ ప్లై 72 గంటలు మరిగించే పరీక్షకు తట్టుకునేది. సింకు కిందా, నేల మీదా దాని అవసరం ఉంది, పై అల్మారాలకు లేదు. పక్కనే ఉన్న నిర్మల్‌లో బొమ్మలు చేసే పొనికి కర్ర ఇంకా తేలిక కదా అంటారేమో. బొమ్మ చెక్కేవాళ్లకు దాని మెత్తదనమే వరం, స్క్రూ పట్టాల్సిన చోట అదే లోపం. టేకు బలమైనదే గాని ప్లైవుడ్ కన్నా తేలికేమీ కాదు.

పలచని పలక మన రోడ్ల గతుకులకు ఆగుతుందా అన్నది న్యాయమైన సందేహం. మందం సగమైతే పలక బిగువు ఎనిమిదో వంతుకు పడిపోతుంది, అందులో దాపరికం లేదు. 6 ఎంఎం ప్లైని ఆధారం లేకుండా మూడడుగులు వదిలేస్తే డప్పులా మోగుతుంది. అందుకే 15 అంగుళాలకొక ట్యూబు ఉండాలి. అసలు కుదుపులకు ముందుగా దెబ్బతినేది పలక మధ్యభాగం కాదు, జాయింటు. తలుపు ఎంత బరువుంటే గోతిలో చక్రం పడ్డప్పుడు హింజు స్క్రూలను అంత బలంగా లాగుతుంది. 18 ఎంఎం ప్లై అంచులో దిగిన స్క్రూ కొన్నాళ్లకు వదులై రంధ్రం పెద్దదవుతుంది, మళ్లీ బిగిస్తే పట్టదు. హింజును ప్లైకి కాకుండా ట్యూబుకే రివెట్ చేయించండి, ప్లైకీ ట్యూబుకీ మధ్య పాలీయూరథేన్ జిగురు వేయించండి. తలుపులకు అయస్కాంతం క్యాచర్లు చాలవు, నొక్కితే పడే లాకులు పెట్టించండి. ఈ పనికి కూలి ఎక్కువవుతుంది, ఒప్పుకుంటాను. కానీ గల్ఫ్‌లో అల్యూమినియం పని చేసి వచ్చినవాళ్లు కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల వైపు దొరుకుతారు. ఇంటి కార్పెంటర్‌తో పాటు అలాంటివాళ్లను ఒకరిని కలుపుకోండి.

బరువు ఎంత అన్నదే కాదు, ఎంత ఎత్తులో ఉందన్నదీ చూడాలి. కిటికీల పైన అల్మారాలు బరువైతే మలుపులో బండి ఒరుగుతుంది. 2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్‌లో బస్సు పడిపోయి 60 మందికి పైగా చనిపోయిన సంగతి మీ వైపు ఎవరూ మరచిపోలేదు. ఆ బస్సులో పట్టాల్సిన దానికన్నా చాలా ఎక్కువ మంది ఉన్నారు. మీరు పిల్లలను కూర్చోబెట్టుకుని దిగేది అలాంటి వాలులే. నీళ్ల ట్యాంకు, బ్యాటరీ, గ్యాస్ కిందనే ఉండాలి, పైన బట్టలకు మించి పెట్టకండి.

ప్రశ్న: డబ్ల్యూపీసీ బోర్డుకు నీళ్ల భయం లేదు, చెదల భయం లేదు, ప్లై కన్నా తేలిక అని దుకాణంవాళ్లు చెబుతున్నారు. క్యాంపర్‌కు అదే వేయిస్తే సరిపోదా?
– ఒక పాఠకుడు, కోరుట్ల

జవాబు: పీవీసీ ఫోమ్ బోర్డునూ డబ్ల్యూపీసీనీ దుకాణాల్లో ఒకే పేరుతో అమ్ముతున్నారు. ఫోమ్ రకం 18 ఎంఎం షీటు 30 కిలోల లోపు తూగుతుంది. కర్రపొడి ఎక్కువ కలిసినవి ప్లైవుడ్‌తో సమానంగా ఉంటాయి. అంటే మామూలు ప్లై మీద మిగిలేది షీటుకు ఐదారు కిలోలే, పాప్లర్ అంతకన్నా తేలిక. నీళ్ల మాట నిజమే, దాన్ని తీసిపారేయను. చెదలు నేలలోంచి వచ్చేవి కాబట్టి, తిరిగే బండికి ఇంటికున్నంత భయం లేదు.

అసలు చిక్కు మన ఎండ. మే నెలలో బయట 45 డిగ్రీలున్నప్పుడు తలుపులు మూసి నిలిపిన బండి లోపల 60 దాటుతుంది, పైకప్పు రేకును ఆనుకున్న చోట ఇంకా ఎక్కువ. పీవీసీ ఆ వేడికే బిగువు తగ్గడం మొదలై, 80 దగ్గర మెత్తబడుతుంది. పొడవాటి అర మీద గిన్నెలు పెట్టి ఎండలో బండి వదిలితే అర మధ్యలో కుంగుతుంది, చల్లారాక ఆ కుంగు అలాగే ఉండిపోతుంది. స్క్రూ పట్టు కూడా ప్లైకి ఉన్నంత ఉండదు. అందుకని సింకు కింద పెట్టెకు, తడి తగిలే అడుగు పలకలకు వాడండి, అరలకూ పై అల్మారాలకూ వద్దు. పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ సంగతి అడగనే వద్దు. 18 ఎంఎం ఎండీఎఫ్ షీటు 40 కిలోలు, తడిస్తే ఉబ్బుతుంది. నాసిరకం జిగురుతో చేసినదైతే మూసిన బండి వేడికి ఫార్మాల్డిహైడ్ ఘాటు కళ్లు మండిస్తుంది.

ప్రశ్న: మాది మరమగ్గాల ఊరు. బండి అల్మారాలకు తలుపుల బదులు బట్ట వాడితే ఎలా ఉంటుంది?
– ఒక పాఠకురాలు, సిరిసిల్ల

జవాబు: మంచి ఆలోచన అమ్మా. 30 చదరపు అడుగుల తలుపులకు 6 ఎంఎం ప్లై 11 కిలోలు పడితే, మందపాటి కాన్వాస్ కిలోన్నర దాటదు. ట్యూబు ఫ్రేముకు జిప్పు సంచులుగా కుట్టిస్తే బట్టలు, దుప్పట్లు అందులోనే ఉంటాయి, కుదుపులకు చప్పుడూ ఉండదు. స్టవ్ పక్కన మాత్రం వద్దు. పాలిస్టర్ మంటకు కరిగి ఒంటికి అంటుకుంటుంది. వాహనాల లోపల వాడే వస్తువులు ఎంత వేగంగా అంటుకోవచ్చో చెప్పే ఐఎస్ 15061 ప్రమాణం ఉంది, దానికి సరిపోయే బట్ట అడిగి కొనండి.

మీ ముగ్గురికీ ఒక విన్నపం. బోర్డు కొనకముందే రెండు పనులు చేయండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండిలో మార్పులకు అనుమతి కావాలి, మోటార్ కారవాన్లకు ఏఐఎస్ 124 అనే ప్రమాణం కూడా ఉంది. జగిత్యాలలోనో సిరిసిల్లలోనో రవాణా శాఖ కార్యాలయానికి గీసిన ప్లానుతో వెళ్లి ముందే మాట్లాడండి, లేకపోతే ప్రమాదం జరిగిన రోజు బీమా దగ్గర ఇబ్బంది పడతారు. తర్వాత ఖాళీ బండిని రైస్ మిల్లు దగ్గరి వేబ్రిడ్జి మీదికి ఎక్కించి ముందు చక్రాలు, వెనుక చక్రాలు విడివిడిగా తూయించండి. ఆర్‌సీలో ఉన్న గ్రాస్ వెయిట్‌లోంచి ఆ మొత్తం తీసేసి, మనుషులు, నీళ్లు, సామాను పోను మిగిలిన కిలోలను ఒక కాగితం మీద రాసి కార్పెంటర్ చేతికివ్వండి.