ఒక జన్యువు – రెండు ముఖాలు

కండరాల పాఠంలో యాక్టిన్ అనే ప్రోటీన్ గురించి మనం చదువుకుంటాం. 1942లో హంగేరీ శాస్త్రవేత్త స్ట్రౌబ్ దీనిని కనుగొన్నారు. కండరం ముడుచుకోవడానికి, కణం తన ఆకారాన్ని నిలుపుకోవడానికి ఇది అవసరం. దీనిని పోలిన ప్రోటీన్లు మన శరీరంలో మరికొన్ని ఉన్నాయి. వాటిలో ఒకదానిని తయారుచేసే జన్యువు ఏసీటీఎల్‌6ఏ. ఇది మన 3వ క్రోమోజోముపై ఉంటుంది.

ఈ ప్రోటీన్ పనిచేసే చోటు కణకేంద్రకం. అక్కడ సుమారు రెండు మీటర్ల పొడవైన డీఎన్ఏ దారం ఉండలా చుట్టుకొని ఉంటుంది. ఏ జన్యువు పనిచేయాలన్నా ఆ చోట చుట్ట వదులు కావాలి. అలా వదులు చేసే ప్రోటీన్ల బృందంలో ఇదీ ఒకటి.

చర్మం అడుగు పొరలో, రక్తం తయారయ్యే ఎముక మజ్జలో మూలకణాలు ఉంటాయి. అవి తరగిపోకుండా కాపాడేది ఈ జన్యువే. మెదడులో మూలకణం నాడీకణంగా మారేటప్పుడు మాత్రం ఇది తప్పుకుంటుంది. దీని సోదర జన్యువు ఏసీటీఎల్‌6బీ ఆ స్థానంలోకి వస్తుంది. అంటే, పని చేయడం ఎంత ముఖ్యమో సమయానికి ఆగడమూ అంతే ముఖ్యం.

ఆగకపోతే ఏమవుతుంది? తల, మెడ భాగాల్లో వచ్చే క్యాన్సర్లలో ఎక్కువ భాగం పొలుసుకణ క్యాన్సర్లే. నోటి క్యాన్సర్ కూడా చాలావరకు ఈ రకమే. వీటిలో అనేక కణితుల్లో ఈ జన్యువు ప్రతులు రెండుకు మించి పెరుగుతాయని 2017లో ప్రచురితమైన పరిశోధన చూపింది. అప్పుడు కణాలు పరిపక్వం చెందకుండా విభజన చెందుతూనే ఉంటాయి.

ఈ విషయం బస్తర్‌లో ఉన్న మనకు దూరమైనది కాదు. ఛత్తీస్‌గఢ్‌లో చాలామంది గుడాఖును వేలితో పళ్లకు, చిగుళ్లకు రుద్దుకుంటారు. అది పళ్లపొడి కాదు. పొగాకు, బెల్లపు మడ్డి కలిపిన ముద్ద. గుట్కా, ఖైనీ కూడా పొగాకే. పొగాకులోని రసాయనాలు నోటి కణాల డీఎన్ఏను దెబ్బతీస్తాయి. అలా దెబ్బలు పేరుకుపోతే కణం అదుపు తప్పుతుంది.

నోటిలో తెల్లని లేదా ఎర్రని మచ్చ, మూడు వారాలైనా మానని పుండు, నోరు తెరవడం కష్టం కావడం – వీటిలో ఏది కనిపించినా వైద్యునికి చూపించాలి. నొప్పి లేదని ఊరుకోకూడదు. పొగాకు మానాలనుకునే వారికి 1800-11-2356 నంబరులో ఉచిత సలహా లభిస్తుంది.

జన్యువును మనం ఎంచుకోలేం. కాని దాని చుట్టూ పొగాకు చేరకుండా చూసుకోగలం. ఈ పాఠాన్ని ఇంట్లో అమ్మమ్మకు, తాతయ్యకు కూడా చెప్పండి.