బోరు నీళ్లు పోయకు బిడ్డా

శాలిబండ, హైదరాబాద్

చిట్టీ,

మొన్న మీ చిన్నమ్మ ఫోన్ చేసినప్పటి సంది మనసు కుదుట లేదు. మీ కాలేజీ పిల్లలంతా ఏటూరునాగారం పోయి, పురుగులు తినే మొక్కలను తవ్వుకొచ్చి మేడ మీద పెంచుతరట గదా! మన అడవి మొక్కను కాపాడాలన్న మీ తపనకు కడుపు నిండింది. కానీ గడ్డపార ఇంట్లనే పెట్టి పో. అది అభయారణ్యం, అనుమతి లేకుండ మొక్క పీకితే నేరం. మీరు తేవాలనుకునే ఆ పురుగులు తినే బురదబూచి రూపాయి బిళ్లంత మొక్క, మన దగ్గర ఏడాదిలోపే బతుకు ముగుస్తది. పూత మీద పీకితే మరుసటేటి సంతానం పోయినట్టే. అటవీ శాఖను అడిగి, కాయ ఎండినంక చిటికెడు గింజలు తెచ్చుకోండి. పొడి లెక్క ఉంటయి. పైపైన చల్లండి, మట్టి కప్పొద్దు.

ఇగ నీళ్ల సంగతి. బోరు నీళ్లు పోయకు. నల్లా నీళ్లూ వద్దు. వాన నీళ్లే పొయ్యి. మన రాతి నేల నీళ్లల్ల ఉప్పులెక్కువ, కుండీ అంచుకు తెల్లగ పేరుకునేది అదే. ఈ మొక్క సారం లేని తడినేలలో పుట్టింది. మట్టిలో నత్రజని చాలకనే పురుగును పడతది. ఎరువు తగలనియ్యొద్దు. కుండీలో నింపే కొబ్బరిపొట్టును కూడా వాన నీళ్లతోనే కడుగు. అమ్మోనియా లవణం లేశమంత తగిలినా దీని చుట్టపు మొక్క నూగు వంగుతదని 1875 నాటి పుస్తకంలో డార్విన్ రాసిండు. అంత సున్నితం! మళ్లీ చెప్తున్న, వాన నీళ్లే.

సిటీ కాలేజీలో చదివే రోజుల్లో మా సారు మమ్మల్ని అడవిలో తడి ఇసుక మీద మోకాళ్లేసి కూర్చోబెట్టిండు. ఎర్రటి నూగు కొసలకు జిగురుబొట్లు. చీమ కాలు పెట్టింది. చూస్తుండంగనే అంచు నూగు లోపలికి ముడుచుకుంది. సారు ఒక్క మొక్కను ముట్టనియ్యలేదు. పెళ్లైన కొత్తల మీ నానమ్మకు ఇది చెప్తే, "అయ్యో, చీమ!" అని బాధపడ్డది. ఇయ్యాల ఉంటే నీ కుండీలు చూసి ఎంత మురిసేదో.

పురుగులు తినే ఇంకో మొక్క, మేఘాలయ కూజామొక్క సంగతి యాదిపెట్టుకో. మన దేశంలో సహజంగా పెరిగే కూజామొక్క అదొక్కటే. ప్రపంచమంతా తోటల్లో పెరుగుతుంది, తన కొండల్లో మాత్రం గనుల తవ్వకాలకు, అమ్ముకునేటోళ్లకు బలైతున్నది. అందుకే కుండీ మీకు బడి మాత్రమే. మొక్క బతకాలంటే దాని నేల ఉండాలె. బురదబూచి పుట్టే తడినేల చదును కాకుండ, దాంట్లకు ఎరువు నీళ్లు పారకుండ ఊరోళ్లతో మాట్లాడండి. జాగ ఆనవాళ్లు మాత్రం అందరికీ చెప్పకండి.

ఆదివారం రా. డ్రమ్ములో వాన నీళ్లు పట్టి, దోమలు పడకుండ గుడ్డ కట్టిన. రెండు డబ్బాలు తీస్కపో. అన్నం తిని పో.

మీ తాతయ్య