పాత ప్లాస్టిక్‌కు కొత్త రూపు

అమ్మ జంతికలు వండుతుంటే మీరు చూచే ఉంటారు. గొట్టంలో పిండి పెట్టి నొక్కితే సన్నని తీగ వస్తుంది. దానిని చుట్టగా తిప్పితే జంతిక అవుతుంది. చుట్ట సరిగా రాకపోతే పిండిని పారవేయరు. మరల గొట్టంలో పెట్టి నొక్కుతారు.

త్రీడీ ప్రింటర్ అనే యంత్రం కూడా ఇంచుమించు ఇట్లే పనిచేస్తుంది. ముందుగా కంప్యూటర్‌లో వస్తువు ఆకారాన్ని గీస్తారు. కంప్యూటర్ దానిని పలుచని పొరలుగా విభజిస్తుంది. యంత్రం ప్లాస్టిక్ తీగను కరిగించి, పొర మీద పొర పరుస్తుంది. చల్లారగానే వస్తువు గట్టిపడుతుంది.

శిల్పి రాతిని చెక్కినప్పుడు ఎన్నో రాతి ముక్కలు రాలిపోతాయి. కర్మాగారాలలో లోహపు దిమ్మను చెక్కినప్పుడు కూడా అంతే. పొరలు పరచే పద్ధతిలో వృథా తక్కువ. 2015లో మెల్బోర్న్‌లోని మోనాష్ విశ్వవిద్యాలయం వారు లోహపు పొడితో, ఈ పొరల పద్ధతిలోనే, జెట్ ఇంజన్ భాగాలను తయారు చేసి చూపారు.

మరి, ప్రింటర్‌కు కావలసిన ప్లాస్టిక్ తీగ ఎక్కడ నుండి వస్తుంది? సాధారణంగా దానిని కొత్త ప్లాస్టిక్‌తోనే చేస్తారు. పాత ప్లాస్టిక్‌తో చేయరాదా? సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులైన వీణా సహజ్‌వాలా ఇందుకు మార్గం చూపారు. ఈమె ముంబయిలో పుట్టి, కాన్పూర్ ఐ.ఐ.టి.లో చదివారు. 2018లో ఈమె బృందం ఒక చిన్న కర్మాగారాన్ని ప్రారంభించింది. పారవేసిన ఫోన్లు, కంప్యూటర్లే దానికి ముడిసరకు. వాటిలోని లోహాలను కొలిమిలో వేరుచేస్తారు. ప్లాస్టిక్‌ను ప్రింటర్ తీగగా మారుస్తారు. ఇటువంటి కర్మాగారానికి 50 చదరపు మీటర్ల చోటు చాలు. అందువలన చెత్తను దూరప్రాంతాలకు మోయనక్కరలేదు.

అయితే యంత్రం ఉన్నంత మాత్రాన మేలు జరగదు. ప్రింటర్‌కు విద్యుత్తు కావాలి. అచ్చు చెడితే అదీ చెత్తే. అక్కరలేని బొమ్మలు చేసి పారవేస్తే చెత్త పెరుగుతుంది. విరిగిన చిన్న మరను చేసి, పాత యంత్రాన్ని బాగుచేస్తే చెత్త తగ్గుతుంది. యంత్రం ఒక్కటే, ఫలితం మాత్రం వాడేవారి వివేకాన్ని బట్టి ఉంటుంది.

పిల్లలూ! మీ ఇంట్లో పాత ఫోను ఉన్నదా? దానిని చెత్తబుట్టలో వేయకండి. పాత పరికరాలను సేకరించే చోట ఇవ్వండి.

ప్రశ్నలు
1. జంతికల గొట్టానికీ, త్రీడీ ప్రింటర్‌కూ గల పోలిక ఏమిటి?
2. పాత ఫోన్ల నుండి ఏమేమి లభిస్తాయి?
3. త్రీడీ ప్రింటర్ వలన చెత్త ఎప్పుడు పెరుగుతుంది? ఎప్పుడు తగ్గుతుంది?