హృదయకణముల సంధిబంధములు

మానవహృదయము దినమునకు సుమారు 1,00,000 పర్యాయములు స్పందించును. ప్రతి స్పందనమునందును కోట్లకొలది కండరకణములు ముడుచుకొని మరల సడలును. ఇట్లు ఎడతెగక లాగబడుచున్నను ఆ కణములు విడిపోకుండుటకు కారణమేమి? దీనిని మేమిచట సంగ్రహముగా వివరింపబూనితిమి.

చెడుగుడు ఆటలో కూతకు వచ్చినవానిని పట్టుటకై ఎదుటిపక్షమువారు చేయి చేయి కలిపి గొలుసువలె నిలుతురు గదా! హృదయకణములును ఇట్లే ఒకదాని కొనను మరియొకటి పట్టుకొనియుండును. ఈ పట్టునకు డెస్మోసోములనబడు సంధులు ఆధారము. ఇవి మాంసకృత్తులతో నిర్మితములు. డెస్మోగ్లీన్, డెస్మోకొల్లిన్ అనునవి రెండు కణముల నడుమ చేతులవలె పెనవేసికొనును. కణములోపల ప్లాకోగ్లోబిన్, ప్లాకోఫిలిన్ అనునవి ఆ చేతులను డెస్మోప్లాకిన్ అను వేరొక మాంసకృత్తునకు బంధించును. అది కణమునందలి పోగులను పట్టియుంచును. వీనిలో ఏ యొక్కటి చెడినను గొలుసు బలహీనమగును.

ఇందులకు గ్రీసుదేశపు నాక్సోస్ ద్వీపము నిదర్శనము. అచ్చట కొన్ని కుటుంబములవారికి పుట్టుకతోనే ఉన్నివంటి జుట్టును, శైశవమునుండియే అరచేతులయందును అరికాళ్లయందును దళసరి చర్మమును ఉండెడివి. యౌవనారంభమునకు హృద్రోగము బయల్పడెడిది. నికోస్ ప్రోటోనోటారియోస్ అను వైద్యుడును, ఆయన సహచరులును 1986లో ఈ వ్యాధిని వర్ణించిరి. ప్లాకోగ్లోబిన్‌ను నిర్మించు జన్యువునందు రెండక్షరములు లోపించుటయే దీనికి కారణమని 2000లో తేలినది. చర్మమునకును హృదయమునకును సంబంధమేమి యని పాఠకులు అడుగవచ్చును. ఒరపిడిని సహించు చర్మము, నిరంతరము లాగబడు హృదయము, ఈ రెండును డెస్మోసోములపై మిక్కిలి ఆధారపడియున్నవి.

పట్టు సడలిన హృదయకణములు క్రమముగా నశించును. వాని స్థానమున క్రొవ్వును, నారపోగులును చేరును. కుడి జఠరికయందు ఇది తరచుగా కాన్పించును. అప్పుడు విద్యుత్ప్రేరణ సాఫీగా ప్రసరింపక నాడి గతి తప్పును. ఒక్కొక్కప్పుడు ఆకస్మికమరణము సంభవించును. కఠినవ్యాయామము ఈ వ్యాధిని త్వరపెట్టును.

నాక్సోస్ వ్యాధి కలుగుటకు తల్లిదండ్రులిరువురినుండియు చెడిన జన్యువు రావలెను. చెడిన ప్రతి ఒక్కటి మాత్రమే కలవారు సామాన్యముగా ఆరోగ్యవంతులుగనే యుందురు. అట్టివారిరువురు వివాహమాడినచో, పుట్టు ప్రతి బిడ్డకును వ్యాధి వచ్చు అవకాశము నాలుగింట ఒక వంతు. దగ్గర బంధువులు ఒకే పూర్వికునినుండి ఒకే లోపమును పొందియుండవచ్చును. కావున మేనరికములు ఆచారముగాగల మనవంటివారు ఈ సూత్రమును తప్పక ఎరుగవలెను. ఇదే వర్గమునకు చెందిన ఇతరవ్యాధులలో పెక్కింటికి తల్లిదండ్రులలో ఒక్కరినుండి వచ్చిన లోపమే చాలును.

తల్లిదండ్రులకు మా మనవి. మూర్ఛలన్నియు ఈ వ్యాధివలన కలుగునవి కావు. అయినను పరుగెత్తుచుండగా స్పృహదప్పిన బిడ్డను ‘ఎండకు సొమ్మసిల్లినాడు’ అని సరిపుచ్చుకొనక వైద్యునికి చూపవలెను. వంశమున పిన్నవయసున హఠాత్తుగా మరణించినవారున్నచో దాచక చెప్పవలెను. జన్యువునందలి లోపము తొలగకున్నను, వ్యాధి ముందుగా తెలిసినచో ఔషధములును, అవసరమగునెడల శరీరమున అమర్చు విద్యుత్పరికరమును ప్రాణమును కాపాడగలవు. ఒకరికి వ్యాధి నిర్ధారణయైనచో తోబుట్టువులను గూడ పరీక్షింపించుట మరువరాదు.